విచారణ లేని తీర్పు: తెలుగు నాటకంలో రాజు తప్పిదం

తెలుగు రంగస్థలం మీద ఓడిపోయిన రాజులు చాలామంది ఉన్నారు. కొందరు యుద్ధంలో ఓడారు, కొందరు జూదంలో ఓడారు, కొందరు శాపాలకు తలవంచారు. రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు మాత్రం తన కొలువులోనే, తన నోటితో చెప్పిన తీర్పు చేతిలో ఓడాడు. చిన్న భార్య చిత్రాంగి మోపిన నింద నమ్మి, కన్నకొడుకు సారంగధరుడి కాళ్లూ చేతులూ నరికించిన తండ్రి కథ అది. కావ్యంగా, యక్షగానంగా, వీధి భాగవతంగా, నాటకంగా, సినిమాగా కొన్ని వందల ఏళ్లుగా తెలుగువాళ్లు దాన్ని చెప్పుకుంటూనే ఉన్నారు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు 19వ శతాబ్దం చివర్లో దీన్ని ‘విషాద సారంగధర’ పేరుతో నాటకం చేశారు. తెలుగులో తొలి విషాదాంత నాటకంగా దానికి పేరు.

పాలకుడి తప్పుడు నిర్ణయం ఎలా పుడుతుంది, ఎవరి మాట చెవికెక్కుతుంది, ఎవరి మాట ఎక్కదు, చివరికి ఎవరి ఇల్లు కూలుతుంది అన్న ప్రశ్నలన్నీ ఈ ఒక్క కథలో ఉన్నాయి. పల్నాటి నలగామరాజు, కౌరవ సభలో ధృతరాష్ట్రుడు, విజయనగరపు అళియ రామరాయలు కూడా వేరువేరు దారుల్లో అదే గోతిలో పడ్డవాళ్లు.

సారంగధరుడి కథ

రాజరాజ నరేంద్రుడి పట్టపురాణి రత్నాంగి, వారి కొడుకు సారంగధరుడు. కొడుక్కి పెళ్లి చేయాలని సంబంధాలు చూస్తున్న వేళ చిత్రాంగి పటం రాజు చేతికి వస్తుంది. ఆ అందానికి మురిసి రాజు తానే ఆమెను పెళ్లాడతాడు. ప్రచారంలో ఉన్న కొన్ని పాఠాల్లో చిత్రాంగి అంతకుముందే యువరాజు పటం చూసి మనసు పడి ఉంటుంది. పెళ్లి అతనితోనే అనుకుని వచ్చి, తండ్రికి భార్య అవుతుంది. ఈ పాఠం ప్రకారం చూస్తే రాజు తప్పు కొలువులో మొదలవలేదు, పెళ్లిపీటల మీదే మొదలైంది.

ఒకరోజు రాజు వేటకు వెళ్లి ఉండగా సారంగధరుడు పావురాలు ఎగరేస్తాడు. అతని పావురం చిత్రాంగి మేడ మీద వాలుతుంది. వెళ్లవద్దని మంత్రి కొడుకు సుబుద్ధి వారిస్తాడు. పినతల్లి మేడకు వెళ్లడంలో తప్పేముందని యువరాజు వెళతాడు. చిత్రాంగి తన కోరిక బయటపెడుతుంది. తల్లి వరసని గుర్తుచేసి, వావి తప్పనని అతను బయటపడతాడు. అవమానమూ భయమూ కలిసి ఆమె వేషం మార్చుకుంటుంది. రాజు తిరిగొచ్చేసరికి చిరిగిన చీరతో, చెదిరిన జుట్టుతో, యువరాజు తనపై బలాత్కారానికి వచ్చాడని చెబుతుంది.

రాజు కోపంతో మండిపోతాడు. కొడుకును అడవికి తీసుకెళ్లి కాళ్లూ చేతులూ ఖండించమని తలారులకు ఆజ్ఞ ఇస్తాడు. రత్నాంగి కన్నీళ్లు పనిచేయవు. శిక్ష అమలవుతుంది. ఆ తర్వాతే నిజం తెలుస్తుంది. పాత కథల్లో ఒక సిద్ధుడు వచ్చి సారంగధరుడి అవయవాలను తిరిగి మొలిపిస్తాడు. అతను రాజ్యం వదిలి యోగి అవుతాడు.

నాలుగు మెట్లలో రెండు ఎగిరిపోయాయి

ఈ కథ నుంచి మామూలుగా తీసే నీతి, ఆడదాని మాట విని రాజు చెడ్డాడన్నది. కథను జాగ్రత్తగా చూస్తే ఆ నీతి నిలవదు. మోసపోవడం ఎవరికైనా జరిగేదే. రాజు దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో అబద్ధాలు ఉంటాయి, ఉంటాయని రాజుకూ తెలుసు. అందుకే విచారణ అనే పద్ధతి పుట్టింది. నరేంద్రుడు ఆ పద్ధతిని తన ఇంటి విషయానికి వచ్చేసరికి పక్కన పెట్టాడు. అసలు తప్పు అక్కడుంది.

ఆ పద్ధతి కొత్తదేమీ కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం మొదట్లోనే రాజుకు రెండు షరతులు పెట్టింది. కోపం, లోభం విడిచి తగవు వినాలి. ఒంటరిగా కాకుండా విద్వాంసులైన సభ్యులతో కూర్చుని వినాలి. తగవుకు నాలుగు పాదాలు ఉంటాయని కూడా చెప్పింది. మొదటిది ఫిర్యాది చెప్పుకునేది, రెండవది ప్రతివాది ఇచ్చే జవాబు, మూడవది రుజువు, నాలుగవది నిర్ణయం. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర వ్యాఖ్య రాశాడు. 13వ శతాబ్దంలో కేతన దాని సారాన్ని ‘విజ్ఞానేశ్వరీయం’గా తెలుగులోకి తెచ్చాడు. అంటే రాజు ఎలా తీర్పు చెప్పాలో తెలుగు పద్యంలో చదువుకునే వీలు ఏడు వందల ఏళ్ల కిందటే ఉంది.

నరేంద్రుడి కొలువులో ఈ నాలుగు పాదాల్లో మొదటిదీ చివరిదీ మాత్రమే మిగిలాయి. చిత్రాంగి చెప్పింది, రాజు శిక్ష వేశాడు. నడుమ ఉండాల్సిన జవాబు, రుజువు లేచిపోయాయి. సారంగధరుడు ఏం చెప్పినా తప్పించుకునే మాటగానే వినిపించింది. పైగా అతను తండ్రి ఎదుట తల్లి వంటి మనిషి గురించి చెప్పరాని మాట చెప్పాల్సిన స్థితిలో ఉన్నాడు. నిజం చెప్పడమే మర్యాద తప్పడంగా కనిపించే చోట నిర్దోషి గొంతు పెగలదు.

రుజువు సంగతి ఇంకా చిక్కు. యువరాజు చిత్రాంగి మేడకు వెళ్లిన మాట నిజం. ఆ ఒక్క నిజం రాజుకు దొరికింది. దాని చుట్టూ అల్లిన అబద్ధమంతా దానితోపాటే నిజమైపోయింది. అతను వెళ్లాడా అన్నది రాజు తేల్చుకున్నాడు, ఎందుకు వెళ్లాడన్నది అడగలేదు. పావురం ఎగిరింది చూసినవాళ్లున్నారు, వెళ్లొద్దని చెప్పిన సుబుద్ధి ఉన్నాడు. సాక్షులు లేక కాదు, పిలిచేవాడు లేక నిజం ఆగిపోయింది.

పిలవకపోవడానికి కారణం ఆ సింహాసనం మీద ఒకేసారి ముగ్గురు కూర్చోవడం. అవమానం జరిగిందనుకుంటున్న భర్త ఒకడు, కొడుకు చేతిలో మోసపోయాననుకుంటున్న తండ్రి ఒకడు, తీర్పు చెప్పాల్సిన రాజు ఒకడు. మొదటి ఇద్దరూ బాధితులు. బాధితుడే న్యాయమూర్తి అయినప్పుడు తీర్పు శిక్ష కోసం వెతుకుతుంది, నిజం కోసం వెతకదు. పెద్ద వయసులో చిన్నదాన్ని పెళ్లాడిన భర్తకు కొడుకు యౌవనం మీద ఉండే అనుమానం కూడా దీనికి తోడైంది. చిత్రాంగి చెప్పిన అబద్ధం రాజు మనసులో ముందే ఉన్న భయానికి సరిగ్గా సరిపోయింది.

చివరిగా, శిక్ష తీరు. చెరలో పెట్టి ఉంటే మర్నాడైనా విడిపించవచ్చు. దేశం నుంచి వెళ్లగొట్టి ఉంటే పిలిపించుకోవచ్చు. తెగిన చేతిని ఏ రాజాజ్ఞా అతికించలేదు. వెనక్కి తీసుకోలేని శిక్షను వెంటనే అమలు చేయించడంతో, నిజం ఒక్క పూట ఆలస్యంగా వచ్చినా ఏడుపుకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది.

కథ నడిచిన దారి

సారంగధరుడి కథ తెలుగులో మొదట కనిపించేది నాథ సిద్ధుల సంప్రదాయంలో. 15వ శతాబ్దపు కవి గౌరన శ్రీశైలం భిక్షావృత్తి మఠం ప్రోత్సాహంతో ‘నవనాథ చరిత్ర’ను ద్విపదలో రాశాడు. గౌరన కుటుంబానికి రాచకొండ రేచర్ల పద్మనాయకుల కొలువుతో సంబంధం ఉంది. రాచకొండ పాత నల్లగొండ జిల్లాలోనిది కనుక, ఈ కథ తెలుగు ద్విపదలోకి వచ్చిన తొలి దారుల్లో ఒకటి నల్లగొండ నేల మీదుగానే సాగిందనాలి. గౌరన చేతిలో ఇది ప్రధానంగా ఒక సిద్ధుడి పుట్టుక కథ. కాళ్లూ చేతులూ పోగొట్టుకున్న రాకుమారుడు గురువు దయతో చౌరంగి అనే యోగి కావడం అందులో ముఖ్యం. రాజు తప్పు ఆ మలుపుకు ఒక సాధనం మాత్రమే.

తర్వాత 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలపు కవి చేమకూర వేంకటకవి ‘సారంగధర చరిత్ర’ ప్రబంధం రాశాడు. సిద్ధుల కథ శృంగారం, శ్లేష నిండిన రాజాంతఃపుర కథ అయింది. 1883లో గురజాడ అప్పారావు ఇదే కథను ఇంగ్లీషులో ‘సారంగధర’ అనే కావ్యంగా రాశారు. విజయనగరంలో అచ్చైన ఆ కావ్యాన్ని కలకత్తా పత్రిక ‘రీస్ అండ్ రయ్యత్’ సంపాదకుడు శంభుచంద్ర ముఖర్జీ తిరిగి ప్రచురించి, మాతృభాషలో రాయమని గురజాడను ప్రోత్సహించారు. ‘కన్యాశుల్కం’ రాసిన కలం మొదట పదును పెట్టుకున్నది ఈ తప్పుడు తీర్పు కథ మీదే.

ఈ కథకు దేశమంతా చుట్టాలున్నారు. బౌద్ధుల ‘దివ్యావదానం’లో అశోకుడి కొడుకు కుణాలుడు సవతి తల్లి తిష్యరక్షిత పగకు కళ్లు పోగొట్టుకుంటాడు. అక్కడ రాజముద్ర వేసిన ఆజ్ఞ రాజుకు తెలియకుండానే వెళుతుంది. పంజాబులో సియాల్‌కోట రాజు సాల్వాన్ తన కొడుకు పూరన్‌ను ఇలాగే శిక్షిస్తాడు. గోరఖ్‌నాథుడు అతన్ని బతికిస్తాడు. పూరన్ భగత్‌నే చౌరంగి అనే సంప్రదాయం కూడా ఉంది. నాథ యోగులతోపాటు కథ ఊళ్లు తిరిగింది. ఏ ఊరికి వెళితే అక్కడి రాజు పేరు పెట్టుకుంది.

చరిత్రలోని నరేంద్రుడు

తెలుగునేల మీద దానికి దొరికిన పేరు తూర్పు చాళుక్య రాజరాజ నరేంద్రుడిది. 1022లో పట్టాభిషేకం జరిగి, 1061 వరకు ఏలిన రాజు ఆయన. తల్లి కుందవ్వ రాజరాజ చోళుడి కూతురు, భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుడి కూతురు. సవతి సోదరుడు విజయాదిత్యుడితో సింహాసనం కోసం ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. నన్నయతో మహాభారతం తెలుగులో మొదలుపెట్టించిన రాజుగా సాహిత్యంలో ఆయన స్థానం తెలిసిందే. ఆయన కొడుకు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనం ఎక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. సారంగధరుడు అనే కొడుకు ఉన్నట్టు చెప్పే శాసనం లేదు. రత్నాంగి, చిత్రాంగి పేర్లూ శాసనాల్లో కనిపించవు.

అయినా జనం నమ్మకం శాసనాల మీద ఆధారపడలేదు. రాజమహేంద్రవరంలో సారంగధర మెట్ట ఉంది, సారంగధరేశ్వర ఆలయం ఉంది. యువరాజును శిక్షించిన చోటు అదేనని స్థానికులు చెబుతారు. ధృతరాష్ట్రుడి గుడ్డి ప్రేమ కథను తెలుగులోకి తెప్పించిన రాజే, జానపదుల నోట కోపంతో కళ్లు మూసుకుపోయిన తండ్రిగా మిగిలాడు.

బళ్ళారి నాటకం తెచ్చిన మార్పు

ధర్మవరం రామకృష్ణమాచార్యులు 1853లో అనంతపురం ప్రాంతంలో పుట్టి, బళ్ళారిలో వకీలుగా స్థిరపడ్డారు. అక్కడ సరస వినోదినీ సభ స్థాపించి నాటకాలు రాశారు, ఆడించారు, తానూ వేషం కట్టారు. ఆంధ్ర నాటక పితామహుడని ఆయనకు బిరుదు. 1880ల్లో వచ్చిన ‘చిత్రనళీయం’ తర్వాత కొద్ది ఏళ్లకే ఆయన సారంగధరుడి కథ ఎత్తుకున్నారు. కోర్టులో రోజూ వాది, ప్రతివాది, సాక్ష్యం, తీర్పు చూసే మనిషి ఈ కథను ఎంచుకోవడం యాదృచ్ఛికమే అయినా, నాటకానికి, వృత్తికి పొంతన కుదిరింది.

ఆయన చేసిన సాహసం ముగింపులో ఉంది. సంస్కృత నాటక సంప్రదాయం శుభాంతాన్ని కోరుతుంది, రంగం మీద మరణం చూపడాన్ని ఒప్పుకోదు. రాజు తప్పు చేసినా అది అతని తప్పు కాదనిపించే ఏర్పాటు చేస్తుంది. కాళిదాసు ‘అభిజ్ఞాన శాకుంతలం’లో దుష్యంతుడు నిండు సభలో భార్యను కాదంటాడు. అది కూడా విచారణ లేని తీర్పే. కానీ దుర్వాసుడి శాపం అడ్డుగా నిలుస్తుంది. ఉంగరం దొరికితే జ్ఞాపకం వస్తుంది, భార్యాబిడ్డలూ తిరిగి దొరుకుతారు. తప్పు శాపానిది, రాజు మంచివాడు.

నరేంద్రుడికి అలాంటి శాపం లేదు. అతని మతి సరిగానే ఉంది, అధికారం పూర్తిగా ఉంది, సమయం కావలసినంత ఉంది. పాత కథలోని సిద్ధుడి మహిమ ఒక్కటే ఊరట. రామకృష్ణమాచార్యులు కథను విషాదాంతం చేయడంతో ఆ ఊరట కూడా పోయింది. తప్పు చేసిన రాజు ఆ తప్పుతో ముఖాముఖి మిగిలాడు. విషాదాంతం మన సంప్రదాయానికి తగునా అన్న చర్చ అప్పట్లో సాగింది. తగదన్నవారికి ఎదురు చూపదగ్గ సంస్కృత నాటకాలు అప్పటికి వెలుగులోకి రాలేదు. రంగం మీదే దుర్యోధనుడు ప్రాణం విడిచే ‘ఊరుభంగం’, దశరథుడు కన్నుమూసే ‘ప్రతిమా నాటకం’ భాసుడి పేర గణపతిశాస్త్రి తిరువనంతపురంలో ప్రచురించడం మొదలైంది 1912లో. రామకృష్ణమాచార్యులు చనిపోయింది కూడా ఆ ఏడే.

బళ్ళారి బృందం 1891లో మద్రాసు వెళ్లి నాటకాలు ఆడింది. చదువుకున్న ఉద్యోగులు, వకీళ్లు వేషం కట్టడం చూసి ఉత్సాహపడ్డ యువకుల్లో పమ్మళ్ సంబంధ మొదలియార్ ఒకరు. ఆ ఏడే ఆయన స్నేహితులతో కలిసి సుగుణ విలాస సభ మొదలుపెట్టారు. ఆధునిక తమిళ నాటకం ఎదుగుదలలో ఆ సభది పెద్ద పాత్ర. సినిమా వచ్చాక సారంగధరుడు తెరకెక్కాడు. 1957 నాటి చిత్రంలో ఎన్.టి. రామారావు సారంగధరుడిగా, భానుమతి చిత్రాంగిగా, ఎస్.వి. రంగారావు నరేంద్రుడిగా నటించారు.

కృష్ణ దాటితే పల్నాడు

నల్లగొండ జిల్లా త్రిపురారం, మిర్యాలగూడ ప్రాంతం నుంచి దక్షిణంగా వెళ్లి కృష్ణ దాటితే పల్నాడు. 12వ శతాబ్దం చివర అక్కడ జరిగిన దాయాదుల పోరు మరో రకం రాజు తప్పిదానికి ఉదాహరణ. నరేంద్రుడిది తన కోపంతో తానే చేసిన తీర్పు. నలగామరాజుది ఇంకొకరికి అప్పగించిన తీర్పు.

అనుగురాజు కొడుకుల్లో నలగామరాజు గురజాలలో, మలిదేవరాజు మాచర్లలో పాలించారు. నాయకురాలు నాగమ్మ నలగాముడి మంత్రిణి. బ్రహ్మనాయుడు మలిదేవుడి పక్షం. రాజు ఇచ్చిన ఒక మాటను ఆధారం చేసుకుని నాగమ్మ మంత్రి పదవి పొందిందని కథ. దాయాదుల నడుమ స్పర్ధ కోడిపందెం దాకా వచ్చింది. ఓడినవాళ్లు ఏడేళ్లు రాజ్యం విడిచి వెళ్లాలన్నది పందెం. రాజ్యం భవిష్యత్తును కోళ్ల కాళ్లకు కట్టడానికి ఒప్పుకోవడమే మొదటి తప్పు. మాచర్ల పక్షం ఓడి, మాట నిలుపుకుని వెళ్లింది. గడువు తీరాక తమ భాగం అడగడానికి అలరాజును రాయబారిగా పంపింది. అలరాజు నలగాముడికి స్వయానా అల్లుడు. ఆ రాయబారంలోనే అతనికి విషం పెట్టి చంపారు. సంధికి ఉన్న చివరి తలుపు మూసుకుంది, రాజు కూతురు విధవ అయి సహగమనం చేసింది. కారెంపూడిలో నాగులేటి ఒడ్డున జరిగిన యుద్ధంలో రెండు పక్షాల వీరులూ నేలకొరిగారు. కారెంపూడిలో ఆ వీరులకు ఇప్పటికీ ఏటా ఆరాధన జరుగుతుంది.

శ్రీనాథుడు రాసిన ‘పల్నాటి వీర చరిత్ర’ నుంచి వీరవిద్యావంతుల గానం దాకా, ఉన్నవ లక్ష్మీనారాయణ ‘నాయకురాలు’ నాటకం నుంచి 1947, 1966 సినిమాల దాకా ఈ కథలో కళ్లన్నీ నాగమ్మ, బ్రహ్మనాయుడు, అతని కొడుకు బాలచంద్రుడి మీదే ఉంటాయి. నలగామరాజు నేపథ్యంలోకి జారిపోతాడు. అలా జారిపోవడమే అతని తప్పు. కోడిపందేనికి ఒప్పుకోను, రాయబారిని తాకనివ్వను అనగల అధికారం ఉన్న మనిషి అతనొక్కడే. కీలకమైన రెండుసార్లూ ఆ అధికారం వేరేవాళ్ల చేతిలో ఉంది.

విని ఊరుకున్న రాజు, లెక్క తప్పిన రాజు

తెలుగు ఊళ్లలో హార్మోనియం మోగితే ముందు గుర్తొచ్చే పద్యనాటకం తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’. అందులో రాయబార ఘట్టం మూడో రకం పాలకుణ్ని చూపిస్తుంది. ధృతరాష్ట్రుడు అన్నీ విన్నవాడు. విదురుడు చెప్పాడు, భీష్ముడు చెప్పాడు, కృష్ణుడే వచ్చి అయిదూళ్లిచ్చినా చాలన్నాడు. న్యాయం ఏ పక్షాన ఉందో అతనికి తెలియదని ఎవరూ అనలేరు. వాదం, జవాబు, రుజువు మూడూ పూర్తయ్యాక నిర్ణయం దగ్గర ఆగిపోయాడు. కొడుకును అదుపు చేయలేని తండ్రి, రాజును నోరెత్తనివ్వలేదు. తీర్పు చెప్పకపోవడం కూడా ఒక తీర్పేనని, దాని మూల్యం పద్దెనిమిది రోజుల యుద్ధమని ఆ ఘట్టం చెబుతుంది.

నాలుగో రకం రాజనీతిలో లెక్క తప్పినవాడు. బళ్ళారికే చెందిన కోలాచలం శ్రీనివాసరావు అళియ రామరాయల పతనాన్ని నాటకంగా రాశారు. బళ్ళారి రాఘవ అందులో పఠాను రుస్తుం పాత్రతో పేరు పొందారు. చరిత్రలో రామరాయలు దక్కను సుల్తానులను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసి ఏళ్ల తరబడి నెగ్గాడు. గోల్కొండ ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షా రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో ఆశ్రయం పొందినవాడే. విడివిడిగా ఉన్నంతకాలం వాళ్లు రామరాయలకు పావులు. వాళ్లు ఏకం కావచ్చన్న అవకాశాన్ని అతను లెక్కలోకి తీసుకోలేదు. 1565 జనవరిలో తళ్లికోట యుద్ధంలో అతని తల తెగింది, తర్వాత హంపీ నగరం నాశనమైంది. ఎప్పుడూ పనిచేసిన ఉపాయం ఇక ముందూ పనిచేస్తుందన్న ధీమా కూడా విచారణ లేని తీర్పే.

లోకమంతా ఉన్న రాజు

పొరుగున తమిళ ‘శిలప్పదికారం’లో పాండ్యరాజు అలిగిన రాణిని ఓదార్చడానికి వెళుతున్న తొందరలో, కంసాలి మాట మీద కోవలన్‌కు మరణశిక్ష వేయిస్తాడు. కన్నగి వచ్చి అందె పగలగొడితే అందులో మాణిక్యాలు బయటపడతాయి. రాణి అందెలో ఉన్నవి ముత్యాలు. ఆ ఒక్క పరీక్ష ముందే చేసి ఉంటే సరిపోయేది. పాండ్యరాజు తప్పు తెలిసిన క్షణంలోనే కుప్పకూలి చనిపోతాడు, మధుర కాలిపోతుంది.

గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ క్రీ.పూ. 428లో ప్రదర్శించిన ‘హిప్పోలిటస్’ సారంగధరుడి కథకు అచ్చంగా కవల. థీసియస్ రాజు భార్య ఫీడ్రా సవతి కొడుకును కోరి, కాదనిపించుకుని, నింద రాసిన ఉత్తరం విడిచి ఉరి వేసుకుంటుంది. కొడుకు ఒట్టుకు కట్టుబడి నిజం చెప్పలేడు. తండ్రి శపించి వెళ్లగొడతాడు, కొడుకు చనిపోతాడు. చివర్లో ఆర్టెమిస్ దేవత వచ్చి రాజును తప్పుపట్టేది భార్యను నమ్మినందుకు కాదు. రుజువు కోసం ఆగనందుకు, జోస్యులను అడగనందుకు, కాలానికి అవకాశం ఇవ్వనందుకు. యాజ్ఞవల్క్యుడు రాజుకు పెట్టిన షరతులకూ ఆ దేవత మందలింపుకూ పెద్ద తేడా లేదు.

సోఫోక్లిస్ ‘యాంటిగని’లో క్రియాన్ రాజు తన ఆజ్ఞ మీరి అన్నకు అంత్యక్రియలు చేసిన మేనకోడలిని గుహలో మూయిస్తాడు. కొడుకు హీమన్ వాదించినా వినడు, కాలజ్ఞాని టైరీసియస్ హెచ్చరించాక మనసు మార్చుకుంటాడు. వెళ్లేసరికి యాంటిగని చనిపోయి ఉంటుంది. కొడుకు, ఆ వెంటే భార్య ప్రాణాలు తీసుకుంటారు. షేక్‌స్పియర్ ‘కింగ్ లియర్’లో ఫిర్యాదే లేదు, పోటీ మాత్రం ఉంది. తనపై ప్రేమను ఎవరు ఎక్కువ పొగిడి చెబితే వాళ్లకు రాజ్యంలో పెద్ద వాటా ఇస్తానని ముసలి రాజు కూతుళ్లను అడిగి, పొగడని చిన్న కూతురిని వెళ్లగొడతాడు, అడ్డు చెప్పిన మంత్రినీ వెళ్లగొడతాడు.

అరిస్టాటిల్ విషాద నాటకం గురించి చెప్పిన ఒక మాట వీళ్లందరికీ వర్తిస్తుంది. పూర్తిగా దుర్మార్గుడు పడిపోతే జాలి కలగదు, ఏ లోపమూ లేనివాడు పడిపోతే అసహ్యం వేస్తుంది. నడుమ ఉన్న మనిషి, ఏదో ఒక పొరపాటు వల్ల పడిపోతేనే విషాదం పండుతుంది. నరేంద్రుడు క్రూరుడైన రాజుగా పేరు పడ్డవాడు కాదు. అందుకే అతని ఆజ్ఞ ప్రేక్షకుణ్ని ఎక్కువ కలవరపెడుతుంది.

నింద ఎవరి మీద పడింది

ఈ కథలన్నిటినీ పక్కపక్కన పెడితే ఒక వరుస కనిపిస్తుంది. చాలా కొలువుల్లో వద్దన్నవాళ్లు ఉన్నారు: రత్నాంగి, విదురుడు, హీమన్, లియర్ మంత్రి కెంట్. ప్రతి చోటా నిజం బయటపడింది. ప్రతిసారీ తీర్పు అమలైపోయాకే బయటపడింది. దెబ్బ ముందు రాజు ఇంటిమీదే పడింది: కొడుకు, కూతురు, అల్లుడు, భార్య. రాజ్యం నష్టపోవడం ఆ తర్వాతి సంగతి.

మరొకటి కూడా కనిపిస్తుంది. తప్పు రాజుదైనా, జనం జ్ఞాపకంలో నింద ఆడవాళ్ల మీద పడింది. నరేంద్రుడి కథకు చిత్రాంగి, పల్నాటికి నాగమ్మ, దశరథుడి చావుకు కైకేయి కారణమని చెప్పడం అలవాటైంది. చిత్రాంగి అబద్ధం చెప్పింది, అది నేరం. తండ్రి వయసు వాడికి భార్యగా ఆమెను తెచ్చింది ఎవరు, ఆ అబద్ధాన్ని పరీక్షించకుండా కత్తిగా మార్చింది ఎవరు అని అడిగితే వేలు మళ్లీ సింహాసనం వైపే తిరుగుతుంది. అబద్ధం చెప్పగలవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. దాన్ని శిక్షగా మార్చగల అధికారం కొలువులో ఒక్కరికే ఉంటుంది.

ఫిర్యాది, తీర్పరి ఒకే మనిషి కాకూడదని, రెండో పక్షం వినకుండా శిక్ష వేయకూడదని నేటి న్యాయస్థానాలు సహజ న్యాయ సూత్రాలుగా పాటిస్తాయి. వెనక్కి తీసుకోలేని శిక్షకు మరింత పరిశీలన కావాలని మన చట్టం సెషన్స్ కోర్టు వేసిన ప్రతి ఉరిశిక్షనూ హైకోర్టు ఖరారు చేయాలంటుంది. నరేంద్రుడి కొలువులో లోపించినవి సరిగ్గా ఈ మూడే.